ఎదురింటి దిష్టిబొమ్మ

సూరిబాబు నెలమాసికం అయిన మర్నాడు ఎదురింటి పిట్టగోడ మీద దిష్టిబొమ్మ వెలిసింది. నల్లటి ముఖం, వెడల్పాటి మీసం, గడ్డం దాటి వేలాడే ఎర్రటి నాలుక, నెత్తిన రెండు కొమ్ములు. పొద్దున్నే గేటు తాళం తీస్తూ సుగుణ దాన్ని చూసింది. పాపం, ఇంటి మగమనిషి పోయాక నరసమ్మ వదినకు భయం పట్టుకున్నట్టుంది అనుకుని లోపలికి వెళ్ళి టీ పెట్టుకుంది.

సుగుణ రైల్వే ఆసుపత్రిలో నర్సుగా పనిచేసి రిటైరైంది. భర్త ప్రకాశం వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. ఇద్దరిదీ సామర్లకోట వైపు. ఉద్యోగాలు అయిపోయినా రాయ్‌పూర్ వదల్లేక, వర్క్‌షాపు వాళ్ళ డబ్ల్యూఆర్ఎస్ కాలనీ గోడ అవతల స్థలం కొని ఇల్లు కట్టుకున్నారు. ఎదురింటి సూరిబాబు కూడా వర్క్‌షాపు మనిషే. ఆయనా, భార్య అప్పలనరసమ్మా శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చినవాళ్ళు. వీధిలో తెలుగిళ్ళు ఆ రెండే. వీళ్ళు ఆదివారం చర్చికి వెళ్తే వాళ్ళు శనివారం హనుమంతుడి గుడికి వెళ్ళేవారు. మిగతా రోజుల్లో కూర గిన్నెలు అటూ ఇటూ తిరుగుతూనే ఉండేవి. సుగుణ, నరసమ్మ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవారు.

సుగుణ వరండాలో ఒక కుర్చీ, ఒక స్టూలు, బీపీ మిషను ఎప్పుడూ ఉండేవి. వీధిలో ఎవరికి తల తిరిగినా, ఎవరి కుట్లకు కట్టు మార్చాలన్నా, డాక్టరు రాసిన ఇంజక్షను ఎవరికి పొడవాలన్నా ఆ కుర్చీలోకే వచ్చి కూర్చునేవారు.

వినాయక చవితి వెళ్ళాక ఉమేష్ సాహు ఇంటి మీద రెండో బొమ్మ కనిపించింది. దసరాకి మలుపులో ఇళ్ళన్నీ పెట్టుకున్నాయి. తెలీబంధా చెరువు దారిలో ఒకతను తాడుకు వరసగా వేలాడదీసి అమ్ముతున్నాడని, హిందీలో వాటిని నజర్‌బట్టు అంటారని పాలబ్బాయి చెప్పాడు. దీపావళి నాటికి అదో పోటీ అయిపోయింది. ఒకరు కనుబొమ్మల మీద అద్దాల బిళ్ళలు కుట్టించుకున్నారు. ఇంకొకరు స్టీలు బొమ్మ చేయించారు. వీధి చివరి ఇంటివాళ్ళు కళ్ళలో ఎర్ర బల్బులు పెట్టించారు. చీకటి పడితే అవి ఆరుతూ వెలుగుతూ ఉండేవి. ప్రకాశానికి ఇదంతా తమాషాగా ఉండేది. మనకి క్రిస్మస్ స్టార్ ఉందిగా, ఈసారి కట్టాక దింపకుండా ఏడాదంతా ఉంచేద్దాం అనేవాడు.

దీపావళి వెళ్ళిన వారంలో సుగుణ దుప్పట్లు ఆరేయడానికి డాబా ఎక్కింది. తీగ మీద ఒకటి పరిచి, రెండోది దులుపుతూ యథాలాపంగా ఎదురింటి వైపు చూసి అలాగే నిలబడిపోయింది.

నరసమ్మ బొమ్మ గుమ్మం మీద లేదు. ఇంటికి దిష్టి తగలకూడదని కట్టేది గుమ్మం మీద కడతారు. ఇది పిట్టగోడ చివర, వీధికి తిన్నగా కాకుండా ఏటవాలుగా తిరిగి ఉంది. దాని చూపు సరిగ్గా సుగుణ వరండా మీద, ఆ కుర్చీ మీద పడుతోంది.

ఉమేష్ ఇంటి వైపు చూసింది. ఆ బొమ్మ కూడా పక్కగోడ మీద, ఇటే తిరిగి ఉంది. దాని పక్కింటిదీ అంతే. స్టీలు బొమ్మ, అద్దాల బొమ్మ, బల్బుల బొమ్మ, అన్నీ తన ఇంటివైపే నాలుక చాపి చూస్తున్నాయి. సుగుణ చేతిలో దుప్పటి నేలను రాస్తోంది, ఆమెకు తెలియలేదు.

ఆ పూట భోజనాల దగ్గర ప్రకాశానికి చెబితే నవ్వాడు. "రోడ్డు మలుపులో ఇల్లు కట్టుకుని అందరూ నా వైపే చూస్తున్నారంటే ఎలా? ఎవరు ఏది పెట్టినా మనకే కనబడుద్ది మరి," అన్నాడు. మాట సబబుగానే ఉంది. అయినా సుగుణ సాయంత్రం చెప్పులేసుకుని పక్కవీధికి వెళ్ళింది. అక్కడ బొమ్మలు ఎటు తిరిగి ఉన్నాయో చూద్దామని. కొన్ని రోడ్డు వైపు, కొన్ని పక్కింటి వైపు ఉన్నాయి. ఒకటి తాడు తెగి తలకిందులుగా వేలాడుతోంది. ఏమీ తేలలేదు. ఇంటికి వచ్చి మళ్ళీ డాబా ఎక్కింది.

అప్పటినుంచి ఆమెకు కుదురు లేకుండా పోయింది. కూర పొయ్యి మీద పెట్టి గేటు దగ్గరికి వచ్చేది, గేటు దగ్గరినుంచి మాడువాసనకి లోపలికి పరిగెత్తేది. వరండాలో కుర్చీ ఖాళీగా ఉంటే చాలు, ఎవరెవరు రావడం మానేశారో లెక్కపెట్టుకునేది. ఉమేష్ వాళ్ళమ్మ వారం వారం బీపీ చూపించుకునే మనిషి, దసరా తర్వాత రాలేదు. మలుపు దగ్గర మిశ్రా గారి కోడలు పిల్లవాడి ఇంజక్షనుకు ఆటోలో క్లినిక్‌కి వెళ్ళింది. నరసమ్మ సంగతి సరేసరి. భర్త పోయిన దగ్గరినుంచి ఇటు తలెత్తి చూడలేదు. దుఃఖంలో ఉంది కదా అని సుగుణ ఇన్నాళ్ళూ సరిపెట్టుకుంది. ఇప్పుడు అదీ వేరేలా తోచింది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన ఒక మనిషి ఆమెకు మాటిమాటికీ గుర్తొచ్చేది. ఆరంగ్ అవతల ఏదో పల్లె. తమ్ముడు రైల్వే గ్యాంగులో పనిచేస్తాడు కాబట్టి అక్కను ఆ ఆసుపత్రికి తెచ్చాడు. ఊళ్ళో ఇద్దరు పిల్లలు జ్వరంతో పోతే, ఈమె టోనహీ, చేతబడి చేసింది అని కొట్టారు. సుగుణే ఆమె తల కడిగి కుట్లకు అందించింది. ఆమె నీళ్ళు తప్ప ఇంకేమీ అడగలేదు. ముందు మాట్లాడటం మానేశారు, తర్వాత మంచినీళ్ళ దగ్గరికి రానివ్వలేదు, ఆ తర్వాతే కొట్టారు అని తమ్ముడు చెప్పాడు. ఇది ఊరు కాదు, పట్నం, అందరూ చదువుకున్నవాళ్ళు అని సుగుణ తనకు తాను చెప్పుకునేది. చెప్పుకున్నంతసేపే ధైర్యం ఉండేది.

డిసెంబరు మొదట్లో ప్రకాశం అటకమీదినుంచి స్టార్ దించి, బల్బు మార్చి, ఎప్పటిలాగే వరండా ముందు కట్టబోయాడు. సుగుణ వద్దంది. వాళ్ళ బొమ్మలకు పోటీగా కట్టామనుకుంటారేమో అంది. ప్రకాశం నిచ్చెన మీదినుంచే ఆమె ముఖం కేసి కాసేపు చూశాడు. ఇది ముదిరింది అని అప్పుడు అర్థమైంది అతనికి. ఎవరో ఒకర్ని అడిగి తేల్చుకో, ఊరికే నలగకు అన్నాడు.

ఆ మర్నాడు సుగుణ కొత్తిమీర కట్ట సాకుతో ఉమేష్ ఇంటికి వెళ్ళింది. మాటల మధ్యలో, బొమ్మ బాగుంది, గుమ్మం మీద కాకుండా అటెందుకు పెట్టారని హిందీలో అడిగింది. ఉమేష్ భార్య ఏమీ తడుముకోలేదు. అక్కడ నిరుడు దీపావళి లైట్లకు కొట్టిన మేకు ఉంది, కొత్తగా గోడకు కన్నం ఎందుకని దానికే తగిలించామంది. అసలు ఎందుకు పెట్టారంటే నరసమ్మ ఆంటీ పెట్టింది కదా, చూస్తే బాగుందనిపించింది అంది. అత్తగారు రావట్లేదేమని అడిగితే, ఉమేష్ ఫోన్‌లో బుక్ చేసి బీపీ మిషను తెప్పించాడట, ముసలావిడ ఇప్పుడు రోజుకి నాలుగుసార్లు చూసుకుని అందర్నీ విసిగిస్తోందట. మిశ్రా గారి కోడల్నీ, స్టీలు బొమ్మ వాళ్ళనీ కదిపి చూసింది. ఇంజక్షను ఫ్రిజ్‌లో ఉండాల్సిందట, అందుకని క్లినిక్‌లోనే వేయించారు. బొమ్మ మాత్రం పక్కింటివాళ్ళను చూసి పెట్టుకున్నాం అన్నారు. ఆ పక్కింటివాళ్ళు ఇంకో పక్కింటివాళ్ళను చూసి. ఎటుపోయినా దారి నరసమ్మ ఇంటికే వచ్చి ఆగింది.

సుగుణకు గుండె తేలికపడాలి. సగమే పడింది. వీధంతా వేలంవెర్రి, సరే. మొదటి బొమ్మ ఎవర్ని చూసి పెట్టుకున్నట్టు?

ఆ సాయంత్రమే ఎదురింటికి వెళ్ళింది. నరసమ్మ వెనక వరండాలో చాప మీద కూర్చుని ఉంది. మనిషి బాగా చిక్కిపోయింది. కుడికాలి బొటనవేలికి పాతగుడ్డ చుట్టుకుంది. రమ్మనలేదు, పొమ్మనలేదు. సుగుణ గడప పక్కనే కూర్చుని, ఎంత ఆలోచించినా మాట మెత్తగా రాక, తిన్నగానే అడిగేసింది.

"వదినా, ఆ బొమ్మ నా కోసమే కట్టావా?"

"అవును," అంది నరసమ్మ. "నీ గుమ్మం కేసే కట్టినాను. దాసడమెందుకు?"

ఎందుకని అడగక్కర్లేకుండా నరసమ్మే చెప్పింది. గొంతు పెంచలేదు.

"నీ కాడికొచ్చి సూపించుకున్నాడు. ఇంటికొచ్చి, సిస్టరమ్మ సూసింది, అంతా బాగుందంట, ఫికర్ సేయకు అన్నాడు. ఆ మాట నమ్మి నాను పెళ్ళిసూపులకి పిండొంటలు సేసుకుంతా కూకున్నాను. నాలుగో దినానికి నీళ్ళగదిలో పడిపోనాడు. రోజూ తలుపు తీసీసరికి నీ వరండా, నీ కుర్సీ. నాకు సూడబుద్ది కాదు సుగుణమ్మా. ఇల్లు తిప్పుకోలేను గదా. నా బదులు అదే సూస్తాదని ఆ బొమ్మని పెట్టినాను."

వదినా అనలేదు, సుగుణమ్మా అంది. సుగుణ ఆ వేలికేమైందని మాత్రం అడిగింది. రాయి తగిలిందట, నెల అయిందట, మానట్లేదట. సుగరు గోలీలు వేసుకుంటున్నావా అని అడిగితే నరసమ్మ నవ్వినట్టు పెదవి విరిచింది.

"మానీసినాను. సూపించుకున్న మనిసే పోనాడు. ఇంక నాను సూపించుకుని ఏటి లాభం?"

సుగుణ ఇంటికి వచ్చి ఆ కుర్చీలోనే కూలబడింది. ఆ ఆదివారం సంగతి ఆమెకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. చర్చి నుంచి వచ్చేసరికి సూరిబాబు వరండాలో కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ప్రకాశం ఇంకా చర్చి దగ్గరే ఉన్నాడు. ఎడమ దవడ లాగుతోందని, మెట్లెక్కితే ఆయాసమొస్తోందని సూరిబాబు చెప్పాడు. బీపీ చూస్తే పట్టీ బిగుస్తూనే ఉంది, అంత ఎక్కువుంది. ఇప్పుడే ఆటో పిలుస్తాను, ఆసుపత్రికి పదండి అన్నయ్యగారూ, ఈసీజీ తీయించాలి అని సుగుణ లేచింది కూడా. ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. గురువారం మా అమ్మాయి నవ్యకి పెళ్ళిచూపులు, ఇంట్లో హడావుడిగా ఉంది, రేపు పొద్దున్నే నేనే వెళ్తానన్నాడు. సోమవారం సాయంత్రం గేటు దగ్గర కనబడితే, వెళ్ళారా అని అడిగింది. "ఓ, పక్కా. గోలీలిచ్చారు," అన్నాడు. ఆ మాట పట్టుకుని సుగుణ నిశ్చింతగా పడుకుంది.

ఇదంతా చెబితే ప్రకాశం ఎదురింట్లో చెప్పొద్దన్నాడు. చనిపోయిన మనిషి అబద్ధమాడాడంటే ఏ భార్య నమ్ముతుంది, నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి ఆయన మీదికి తోస్తున్నావనుకుంటుంది, ఉన్న బొమ్మ చాలక ఇంకోటి కడుతుంది అన్నాడు. సుగుణకూ అదే భయం. రెండు రోజులు ఇంట్లో ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తిరిగింది. స్టార్ కట్టించింది, మళ్ళీ స్విచ్ ఆపేసింది. కానీ ఇప్పుడు ఆమె కళ్ళలో తిరుగుతున్నది దిష్టిబొమ్మ కాదు, ఆ పాతగుడ్డ చుట్టిన వేలు. నెల రోజుల పుండు, మందుల్లేని సుగరు. అలాంటి కాళ్ళు ఆసుపత్రిలో ఎక్కడిదాకా తీసేస్తారో ఆమె కళ్ళారా చూసింది.

"నా గురించి ఆవిడ ఏమనుకుంటే ఏంటండీ," అంది మూడోనాడు. "చూపించుకున్నా మనిషి పోతాడనేగా మందులు మానేసింది. ఆయన చూపించుకోలేదు. ఆ సంగతి ఆవిడకి తెలియాలి."

ఈసారి వెళ్ళేసరికి నవ్య కూడా ఇంట్లో ఉంది. ఆఫీసు నుంచి అప్పుడే వచ్చినట్టుంది, బ్యాగు ఇంకా భుజానే ఉంది. సుగుణ కూర్చోకుండానే చెప్పింది. ఆ ఆదివారం బీపీ ఎంతుందో, తనేమందో, ఆయనేమన్నాడో, సోమవారం గేటు దగ్గర ఏం చెప్పాడో. ఎక్కడా పెంచలేదు, తగ్గించలేదు.

నరసమ్మ విన్నంతసేపు విని లేచి నిలబడింది. "ఆ మనిసి నాకు అబద్దం సెప్పడు," అంది.

"నాకూ చెప్పాడు వదినా," అంది సుగుణ.

"ఇంక నువ్వెల్లు."

సుగుణ వచ్చేసింది. నవ్య గేటు దాకా కూడా రాలేదు. బ్యాగు పట్టీని పిడికిలిలో బిగించి అక్కడే నిలబడిపోయింది.

తర్వాతి రోజులు సుగుణకు గడవడం కష్టమైంది. చెప్పి తప్పు చేశానేమో, ముందే చెప్పకపోవడం తప్పేమో, రెండూ తప్పులేనేమో. ఎదురింటి తలుపు చప్పుడైతే లేచి నిలబడేది. ఎవరూ వచ్చేవారు కాదు. మళ్ళీ ఆదివారం వచ్చింది. చర్చిలో అందరూ కూర్చుంటే తను నిలబడి ఉండిపోయింది. ప్రకాశం చీర చెంగు లాగితే గాని తెలియలేదు.

ఆ మధ్యాహ్నం గేటు దగ్గర నరసమ్మ నిలబడి ఉంది. కాలు ఈడుస్తూ ఆ కాస్త రోడ్డూ దాటి వచ్చింది. లోపలికి రాలేదు. గేటు ఊచలు పట్టుకుని, సుగుణ దగ్గరికి వచ్చేదాకా ఆగి, మొదలుపెట్టింది.

"సోమారం ఆయన ఎక్కడికీ ఎల్లలేదు. పొద్దంతా నవ్యతోనే ఉన్నాడు. పండ్రీ బజారుకెల్లి సీర కొనితెచ్చినారు. రెండుసార్లు షాపు మెట్ల మీద కూకుండిపోనాడంట. ఎండ అన్నాడంట. ఆ పిల్ల నిన్న రేతిరి సెప్పి ఒకటే ఏడుపు. ఇన్నాళ్ళూ దానికి అనుమానం రాలేదు, నాకూ రాలేదు."

సుగుణ గేటు తీసింది. నరసమ్మ కదల్లేదు.

"నీ మీద కోపం ఉన్నన్నాల్లూ బాగానే ఉన్నాను వదినా. పొద్దున లేస్తే ఎదురుగ్గా ఉంటావు, తిట్టుకునీదాన్ని. ఇప్పుడాయన మీదొస్తంది కోపం. పోయినోడి మీద కోపం ఎక్కడ పెట్టుకోను సెప్పు?"

సుగుణ ఆమె చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టింది. ప్రకాశం నీళ్ళు తెచ్చిచ్చి లోపలికి తప్పుకున్నాడు. గుడ్డ విప్పితే వేలు నల్లబడలేదు గాని, చుట్టూ వాచి చీము పట్టి ఉంది. చేతివేలు పొడిచి సుగరు చూసింది. మిషను చూపించిన అంకె పైకి చెప్పకుండా చీర మార్చుకుని వచ్చి, ఆటో పిలవమంది. ఆదివారం కదా, రేపెల్దాం అంది నరసమ్మ. సుగుణ ఆమె వైపు తిరిగి చూసింది. నరసమ్మ ఇంక ఆ మాట అనలేదు.

ఆటోలో దారి పొడవునా నరసమ్మ సూరిబాబును తిడుతూనే ఉంది. పెళ్ళయిన కొత్తలో జ్వరం దాచిపెట్టి డ్యూటీకి పోయిన సంగతి, వేలు నలిగితే దెబ్బే కాదని దబాయించిన సంగతి, పళ్ళు నొప్పెడితే లవంగం నమిలి ఏడాది గడిపిన సంగతి. ఆటో డ్రైవరుకు తెలుగు రాదు. అయినా ఎవరో మగమనిషికి గట్టిగా పడుతున్నాయని తెలిసినట్టుంది, తగ్గి కూర్చున్నాడు. ఆసుపత్రిలో కొత్త డాక్టరు, చిన్నమ్మాయి. నాలుగు నెలలు మందులు మానేసినందుకు కేకలేసింది. ఇంకో పదిహేను రోజులు ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వచ్చేదంది. మీతో ఎవరొచ్చారని అడిగితే, నరసమ్మ సుగుణను చూపించి, "మేరీ ననద్," నా ఆడపడుచు అంది. రోజూ కట్టు మార్పించుకోవాలి, ఇంట్లో ఎవరైనా మార్చగలరా అని డాక్టరు అడిగింది. సుగుణ తలూపింది.

పిట్టగోడ మీది బొమ్మను నవ్య ఆ వారంలోనే దింపేసింది. మిగతా ఇళ్ళవి అలాగే ఉన్నాయి. దింపమని ఎవరూ అడగలేదు, వాళ్ళు దేనికి పెట్టుకున్నారో వాళ్ళకీ తెలియదు. మీరెందుకు తీసేశారని ఉమేష్ భార్య రెండుసార్లు అడిగింది. ఎండకు రంగు పోయిందని చెప్పింది నవ్య.

నరసమ్మ రోజూ పొద్దున్నే వచ్చి కుర్చీలో కూర్చుని, స్టూలు మీద కాలు చాపేది. పుండు నెమ్మదిగా ఆరుతోంది. కోపమే ఆరలేదు. ఒకరోజు భర్త మీద, ఒకరోజు పెళ్ళిచూపులు ఆ వారంలోనే పెట్టుకున్నందుకు తన మీద, ఒకరోజు దేవుడి మీద. సుగుణ వింటూ పుండు కడిగేది. క్రిస్మస్ దాటాక ఒక పొద్దున, దూది అంటుకుని లాగితే నరసమ్మ చప్పున కాలు వెనక్కి తీసుకుని, కాసేపటికి మళ్ళీ చాపుతూ అంది.

"ఆ ఆదివారం ఆయన వొద్దన్నా నువ్వు సెయ్యట్టుకుని ఈడ్సుకెల్లిపోవాల్సింది వదినా. నన్ను ఈడ్సుకెల్లినట్టు."

సుగుణ చేతులు ఆగాయి. ఆ మాట ఆమెకు కొత్తది కాదు. దీపావళి కన్నా ముందునుంచీ, బొమ్మలు లెక్కపెట్టకముందునుంచీ లోపల ఎక్కడో తిరుగుతున్నదే.

"అవును," అంది.

సుగుణ కొత్త గాజుగుడ్డ మడతపెట్టి వేలి మీద వేసి, బిగుతుగా ఉందా అని అడిగింది. లేదు, ఇంకొంచెం బిగించు అంది నరసమ్మ.